ఎవరి ఉప్పు ఎవరు తిన్నారు?

తిండి మాటల వెనుక కూలి లెక్క

కూలి రేట్ల దగ్గర పంచాయితీ మొదలైతే ఊళ్లో రెండు పక్షాలవారూ మాట్లాడేవి తిండి మాటలే. "ఇన్నేండ్లు నా ఉప్పు తిని ఇయ్యాల నా మీదికే వస్తర్రా?" అని ఆసామి అంటాడు. "నోటికాడి బుక్క గుంజుకుంటే ఎట్ల పటేలా?" అని కూలీలు అంటారు. రూపాయల సంగతి ఆ తర్వాత వస్తుంది. బోధన్, ఎడపల్లి, రెంజల్, కోటగిరి, వర్ని, రుద్రూరు గ్రామాలలో నాట్ల కాడా, చెరుకు కోతల కాడా ఇటువంటి పంచాయితీలలో కూర్చోగా కూర్చోగా మాకొక సంగతి తెలిసివచ్చింది. తిండి మీద పుట్టిన ఈ మాటలన్నీ ఒక పాత ఖాతా పుస్తకం లాంటివి. ఎవరి కష్టాన్ని ఎవరు తిన్నారో ఆ లెక్క వీటిలో వుంది. చదువురాని జనం నోటితో రాసుకున్న ఆ ఖాతాలో కొన్ని పద్దులు మనం రాసుకున్నవి. కొన్ని మన చేత బలవంతాన రాయించినవి. ఏవి ఏవో తెలియకపోతే బేరంలో సగం అక్కడే ఓడిపోతాం.

పిప్పి ఎక్కడిది?

మన సభలలో, కరపత్రాలలో తరచుగా వినపడే మాట 'పీల్చి పిప్పి చేయడం'. పట్నంలో పెరిగినవారికి ఇదొక పోలిక మాత్రమే. బోధన్ ప్రాంతం వారికి కళ్లారా చూసిన పని. చెరుకు గడ నమిలి రసం మింగిన తర్వాత నోట మిగిలే పీచు పేరు పిప్పి. పూర్వం ఎడ్లు తిప్పే గానుగలో గడను మళ్లీ మళ్లీ పెట్టి రసం పిండేవారు. 'గానుగెద్దు' అనే మాట కూడా అక్కడిదే. పొద్దంతా నడిచినా వున్నచోటనే వుండేది గానుగెద్దు. ఏడాదంతా చాకిరి చేసినా అప్పు తీరని జీతగాడికి ఇంతకన్న సరిపోయే పేరు మరొకటి లేదు.

మంజీరా నదిమీద 1923లో మొదలుపెట్టిన నిజాంసాగర్ 1931లో పూర్తయింది. కాలువ నీళ్లు వచ్చిన భూముల్లో చెరుకు పెరిగింది. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని దానికి పేరుండేది. ఫ్యాక్టరీ చుట్టూ లేచిన వాడకు శక్కర్‌నగర్ అని పేరు పెట్టారు. ఉర్దూలో శక్కర్ అంటే చక్కెర. ఊరి పేరు కూడా తిండి పేరే అయింది.

ఫ్యాక్టరీలో ఏం జరుగుతుంది? నరికి ముక్కలు చేసిన చెరుకును వరుసగా వున్న ఇనుప రోలర్ల మధ్య నలుపుతారు. చివరి రోలర్ల కాడ నీళ్లు చల్లి, పీచును అంటుకున్న తీపిని కూడా లాగేస్తారు. నూరు టన్నుల చెరుకు ఆడితే సుమారు 10 టన్నుల చక్కెర, 30 టన్నుల దాకా పిప్పి, 4 టన్నుల దాకా మొలాసిస్ వస్తాయి. మొలాసిస్‌తో సారా కాస్తారు. పిప్పిని బాయిలర్‌లో వేసి కాలుస్తారు. ఆ వేడితోనే రసం మరిగి చక్కెర అవుతుంది. మన సామెత పిప్పి చేయడం దగ్గరే ఆగిపోయింది. ఫ్యాక్టరీ మాత్రం పిప్పిని కూడా వదిలిపెట్టదు.

దీనికి తోడబుట్టిన మాట 'కూరలో కరివేపాకు'. వాసన దిగేదాకా కూరలో వుండాలి, తినేటప్పుడు ఏరి కంచం అంచుకు పెట్టాలి. పని వున్నప్పుడు పిలిచి, పని తీరాక పక్కకు నెట్టడాన్ని జనం ఈ ఒక్క మాటతో చెపుతారు. పుట్నాల పప్పు, బెల్లం ముక్క కలిపి భజనకు వచ్చిన పిల్లలకు దోసెడు దోసెడు పంచడం మన ఊళ్ల వాడుక. దానికి లెక్కాపత్రం వుండదు. ప్రజల ఆస్తి లెక్కలేకుండా చేతులు మారినప్పుడల్లా 'పప్పుబెల్లాల్లా పంచినరు' అన్న మాట అందుకే వస్తుంది.

నిజాం షుగర్స్‌లో 51 శాతం వాటా 2002లో ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించి బోధన్ ఫ్యాక్టరీని మూశారు. మెట్‌పల్లి దగ్గరి ముత్యంపేట, మెదక్ దగ్గరి మంబోజిపల్లి ఫ్యాక్టరీలు కూడా దానితోపాటే మూతపడ్డాయి. పూర్వం బోధన్‌లో 'ఆయన షుగర్ల వున్నడు' అంటే ఫ్యాక్టరీలో నౌకరి చేస్తున్నాడని అర్థం. మూత తర్వాత 'ఆయనకు షుగర్ వున్నది' అన్న మాటే మిగిలింది. అది రోగం పేరు. ఒకే మాటకు నౌకరి పోయి జబ్బు మిగలడం కన్న మన ప్రాంత చరిత్రను క్లుప్తంగా చెప్పేది మరొకటి లేదు.

చక్కెర తిరిగిన దేశాలు

చక్కెర అనే మాట సంస్కృతంలోని 'శర్కర' నుంచి వచ్చింది. శర్కర అంటే మొదట గులకరాయి, ఇసుక రేణువు. గరుకుగా వుండే తీపికి ఆ పేరు కుదిరింది. అది పారశీకంలో శకర్ అయింది, అరబ్బీలో సుక్కర్ అయింది, ఐరోపా చేరి షుగర్ అయింది. మన 'ఖండం' అరబ్బీలో ఖంద్‌గా మారి, పిల్లలు చప్పరించే క్యాండీగా తిరిగివచ్చింది. పటికబెల్లాన్ని ఉర్దూలో మిస్రీ అంటారు, మిస్ర్ అంటే ఈజిప్టు దేశం. హిందీవారు చక్కెరను చీనీ అంటారు, చీనా దేశం పేరు మీద. చూడండి, తీపికి దేశాల పేర్లు పెట్టారు, రాజుల పేర్లు పెట్టారు. చెరుకు నరికిన మనిషి పేరు మీద ఒక్క మాట కూడా లేదు.

పేరు లేకపోగా ఒక తిట్టు మిగిలింది. బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దు చేసే చట్టం 1833లో వచ్చింది. చెరుకు తోటల యజమానులకు పనివాళ్లు కావలసివచ్చి మన దేశం వైపు చూశారు. 1834 నుంచి మారిషస్‌కూ, 1860 నుంచి దక్షిణాఫ్రికాలోని నటాల్‌కూ, 1879 నుంచి ఫిజీకీ ఒప్పందాల మీద మనుషులను ఓడలకెక్కించారు. 1860 నవంబరులో డర్బన్ చేరిన మొదటి ఓడ మద్రాసు రేవు నుంచి పోయిందే. ఈ దేశాలన్నిటికీ తెలుగువారు కూడా వెళ్లారు, చెరుకు నరకడానికే వెళ్లారు. అక్కడి దొరలు వారందరినీ 'కూలీ' అన్నారు. ఈ మాటకు మన దక్షిణాది భాషల 'కూలి' మూలమని కొందరు పండితులు, గుజరాత్‌లోని కోలీ జాతి పేరు మూలమని మరికొందరు అంటారు. మూలం ఏదైనా జరిగింది ఒకటే. మన భాషలో కూలి అంటే కష్టానికి ఇవ్వవలసిన ప్రతిఫలం. దొర భాషలో కూలీ అంటే మనిషి. ఇవ్వవలసిన సొమ్ము పేరు తీసి, పుచ్చుకోవలసిన మనిషికి తిట్టుగా తగిలించారు.

సద్ది, గట్క, సన్నబియ్యం

ఇక మన కంచంలోని మాటలు చూద్దాం. పొద్దున్నే పొలానికి పోతూ కట్టుకుపోయే తిండి సద్ది. చల్లారిన అన్నం గనుక అది మొదట చల్ది. చల్ది చద్ది అయింది, మన వైపు సద్ది అయింది. రాత్రి మిగిలిన అన్నానికి పెట్టిన పేరు క్రమంగా చేనుకాడికి కట్టుకుపోయే ఏ తిండికైనా పేరయింది. ఉడుకుడుకు బువ్వ కట్టుకుపోయినా సద్దే అంటాం. వేడి అన్నం తినే తీరిక లేనివారి బతుకు ఆ మాటలో వుండిపోయింది. అదే మాటను మన ఆడవాళ్లు పండుగ చేశారు. బతుకమ్మ ఆఖరి రోజు సద్దుల బతుకమ్మ. పెరుగు సద్ది, చింతపండు సద్ది, నువ్వుల సద్ది వండి పంచుకుంటారు.

జొన్నలనో మక్కలనో ఇసిరి, నూక చేసి వండితే గట్క. తైదల పిండి కాస్తే అంబలి. కూర లేనినాడు గొడ్డుకారం. గొడ్డు అంటే ఇక్కడ ఏమీ తోడు లేనిదని. నిజాంసాగర్ కాలువల కింద వ్యవసాయానికి కోస్తా జిల్లాల రైతులు వచ్చి, కాంపుల పేరుతో ఊళ్లు కట్టుకున్నారు. వారి చక్కెర పంచదార, వారి మక్కలు మొక్కజొన్నలు, వారి తైదలు చోళ్లు. ఒకే గింజకు రెండు పేర్లయ్యాయి. పేర్లు రెండయితే ఫర్వాలేదు. కానీ ఒక పేరు గొప్పది, ఒకటి మోటుది అయింది. గట్క తినేవాడు తెలివి లేనివాడని ఎగతాళి పుట్టింది. కాంపుల్లోనూ కూలీలు వున్నారు, వారి కంచంలోనూ కారం మెతుకులే. ఇద్దరు కూలీలు ఒకరి మాటను ఒకరు వెక్కిరించుకుంటూ వుంటే లాభం ఎవరికో వేరే చెప్పాలా?

1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. పేదల ఇంట రోజూ అన్నం వుడకడం గొప్ప మార్పే, దాన్ని తక్కువ చేయడానికి లేదు. ఆ తర్వాత గట్క కంచంలోంచి జారుకుంటూ వచ్చింది. 2023ను ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక అవే తైదలు, అవే జొన్నలు నిజామాబాద్ దుకాణాల్లో మిల్లెట్స్ అనే పేరుతో అట్టపెట్టెల్లో కూర్చున్నాయి. పేదవాడు తిన్నప్పుడు మోటు మాట, ఉన్నవాడు తిన్నప్పుడు ఆరోగ్యం మాట. గింజ మారలేదు, తినే నోరు మారింది.

సర్కారు పథకాలు కూడా మాటలు వదిలిపోయాయి. రేషన్ బియ్యాన్ని మనం నేటికీ 'కంట్రోల్ బియ్యం' అంటాం, దుకాణాన్ని కంట్రోల్ దుకాణం అంటాం. ఇది రెండవ ప్రపంచ యుద్ధకాలపు మాట. ధాన్యం మీద, ధరల మీద సర్కారు కంట్రోలు పెట్టిన రోజులు అవి. నైజాం రాజ్యంలో ఆ రోజుల్లోనే లెవీ గల్లా వసూళ్లు జరిగాయి. ఉర్దూలో గల్లా అంటే ధాన్యం. సేటు డబ్బు వేసుకునే పెట్టె కూడా గల్లానే. రైతు గింజ, సేటు సొమ్ము ఒకే మాటలో ఇమిడిపోయాయి. ఆ కంట్రోలు పోయి ఎన్నో ఏండ్లయింది. 2025 ఉగాది నుంచి సన్నబియ్యం కూడా ఇచ్చారు. మాట మాత్రం కంట్రోల్ బియ్యమే.

'కరువు పని' అలాంటిదే. 1977లో పనికి ఆహారం పథకం వచ్చింది. మట్టి మోస్తే గింజలు ఇచ్చేవారు. 2005లో ఉపాధి హామీ చట్టం వచ్చింది, 2006లో మొదటి విడతలోనే నిజామాబాద్ జిల్లాలో పని మొదలయింది. చట్టం అది మన హక్కు అన్నది. జనం మాత్రం 'కరువు పనికి పోతున్నం' అన్నారు. కరువు అన్న మాటలో సర్కారు దయ తలచిందన్న అర్థం వుంది. హక్కు అన్న మాటలో అడిగి తీసుకునే బలం వుంది. మాట మారకపోతే మనిషి నడుము నిటారుగా కాదు.

మన నోట్లో పెట్టిన మాటలు

ఇప్పుడు ఉప్పు సంగతికి వద్దాం. 'ఉప్పు తిన్న విశ్వాసం', 'నమక్ హరామ్' అన్న మాటలు మన ప్రాంతంలో తెలుగు, ఉర్దూ రెండింటిలోనూ వున్నాయి. రెండూ యజమాని పక్షాన పుట్టిన మాటలే. తిన్నవాడు రుణపడ్డాడు, పెట్టినవాడు దేవుడు అని వాటి భావం. మడిలో నారు పెట్టింది ఎవరు, కలుపు తీసింది ఎవరు, కోసింది ఎవరు అని మాత్రం ఆ మాట అడగదు. జీతం అన్న మాటను విప్పి చూస్తే సంగతి తేలుతుంది. అది 'జీవితం' నుంచి వచ్చింది. జీతగాడు దొరకు ఇచ్చింది జీవితం, పుచ్చుకున్నది జీతం. మధ్యలో ఒక అక్షరం తగ్గింది, కానీ ఎంత తగ్గిందో జీతగాని ఇంట్లో అడగాలి.

వానకాలం గింజలు నిండుకుంటే దొర గరిసె నుంచి అప్పు తెచ్చేవారు. పంట చేతికొచ్చాక ఒకటికి ఒకటిన్నర, కొన్నిచోట్ల రెట్టింపు కొలిచేవారు. తెలంగాణ పల్లెల్లో దానికి 'నాగు' అని పేరు. 1940ల తెలంగాణ పోరాటంలో వెట్టితోపాటు నాగు మీద కూడా జనం తిరగబడ్డారు. దొర దగ్గర తిన్నది ఉప్పు అయితే దొరకు కొలిచింది నాగు. ఉప్పు లెక్క అందరూ చెప్పారు, నాగు లెక్క ఎవరూ చెప్పలేదు.

ఇది మన ఒక్క ఊరి తీరు కాదు. ఇంగ్లీషులో దొరను లార్డ్ అంటారు. పాత ఇంగ్లీషులో ఆ మాటకు 'రొట్టె కాపలాదారు' అని అర్థం. ఆయన కింద బతికే మనిషికి 'రొట్టె తినేవాడు' అని పేరుండేది. పిండి పండించినవాడు తినేవాడయ్యాడు, కాపలా కాసినవాడు ప్రభువయ్యాడు! జీతాన్ని శాలరీ అంటారు, దాని లాటిన్ మూలం ఉప్పు అనే మాటకు సంబంధించినది. రోము సైనికులకు జీతంగా ఉప్పే ఇచ్చేవారన్న కథకు గట్టి ఆధారం లేదు గాని, ఉప్పుకూ జీతానికీ ముడి అక్కడా పడిందన్నది నిజం. ఇంకొక వింత. కంపెనీ అన్న మాటకు మూలం 'కలిసి రొట్టె తినేవాళ్లు' అని. కలిసి తినడానికి పుట్టిన మాట, పిప్పి చేసే సంస్థకు పేరయింది. కామ్రేడ్ అన్న మాటకు మూలం ఒకే గదిలో వుండేవాడు అని. గది ఒకటైనా కంచాలు వేరైతే ఆ మాట నిలవదు, కార్యకర్తలు ఇది గుర్తు పెట్టుకోవాలి.

కడుపు ఖాళీగా వుండడానికి మనకు రెండు పేర్లు వున్నాయి. ఇంట్లో వుండి తినకపోతే ఒక్కపొద్దు, ఉపవాసం. ఇంట్లో లేక తినకపోతే పస్తు. మొదటిదానికి పుణ్యం, రెండోదానికి అవమానం. పేగులకు ఈ తేడా తెలియదు.

'బంతి' అంటే భోజనానికి కూర్చున్న వరస. సంస్కృతంలోని పంక్తే బంతి అయింది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అని సామెత. ఎన్నికల రోజుల్లో ఈ సామెత చెప్పి నవ్వుకుంటాం. అయితే ఆ కడబంతి ఎవరిది? విందుకు కట్టెలు కొట్టినవారు, నీళ్లు మోసినవారు, ఆకులెత్తినవారు అందరి తర్వాత దూరంగా కూర్చున్న వరస అది. ఆ వరస కులాన్ని బట్టి ఏర్పడింది. మనవాడు వడ్డించాలని కోరడం కాదు, కడబంతి అనేదే లేకుండా చేయడం అసలు పని. ఎంగిలి అన్న మాట కూడా ఇటువంటిదే. ఎంగిలి మెతుకులు అని తిట్టేవారు తిట్టారు. మన ఆడవాళ్లు మాత్రం బతుకమ్మ మొదటి రోజును సిగ్గుపడకుండా ఎంగిలిపూల బతుకమ్మ అన్నారు.

ఎవరు ఏం తింటారు?

తినడం అన్న క్రియనే గమనించండి. కూలీ దెబ్బలు తింటాడు, తిట్లు తింటాడు. ఆఫీసరు లంచం తింటాడు. షావుకారి వడ్డీ తింటాడు. ఉర్దూలో కూడా ఇంతే, మార్ ఖానా, గాలీ ఖానా, రిష్వత్ ఖానా. రెండు భాషల వారూ సంప్రదించుకోకుండా ఒకే తీర్పు చెప్పారు. మరీ ఎక్కువ తిన్నవాడిని 'మేసిండు' అంటారు, అంటే మనిషి వరస దాటి పశువు వరసకు పోయాడని. సిగ్గు విడిచినవాడు గడ్డి తిన్నట్టే. ఆఫీసులో కాగితం కదలాలంటే 'చాయ్‌పానీ'. గుక్కెడు చాయ్ పేరు చెప్పి రోజు కూలి గుంజుకోవడం ఆ మాటలోని మోసం. ఈ మాటలన్నీ జనం సొంతంగా చేసినవి. 'పొట్ట కొట్టడం', 'నోటికాడి బుక్క' కూడా మనవే. వీటిలో దయ అడగడం లేదు, నేరం చెప్పడం వుంది.

అందుకే మేము చెప్పేదొకటే. బేరానికి కూర్చున్నప్పుడు మన మాటలతోనే కూర్చుందాం. 'రెండు పూటలా బువ్వ పెడుతున్నం గదా' అని ఆసామి అన్నప్పుడు తల వంచవలసిన పని లేదు. 1948 నాటి కనీస వేతనాల చట్టమే కూలి నగదుగా ఇవ్వాలన్నది. ఆచారం వున్నచోట గింజల రూపంలో ఇవ్వాలన్నా సర్కారు అనుమతి కావాలన్నది. పని చేసే మనిషికి పెట్టిన బువ్వ మర్యాద, కూలి బాకీ. మర్యాదను చూపి బాకీని కోయడం కుదరదు. 'నా ఉప్పు తిన్నవు' అంటే 'నీ గరిసె నింపిన' అని చెప్పాలి. అంతకన్న పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు.

ఇంకొక పని వుంది. నాట్లలో వుండే ముసలమ్మలకు, బీడీలు చుట్టే అక్కలకు, పాత గానుగ దగ్గర పనిచేసిన తాతలకు ఇటువంటి మాటలు ఇంకా ఎన్నో తెలుసు. వారితోపాటే అవి పోతున్నాయి. చదువుకున్న పిల్లలు ప్రతి ఊళ్లో ఒక నోటుపుస్తకం పెట్టి వాటిని రాయాలి. మాట ఏమిటి, ఎవరు ఎవరితో అన్నారు, అప్పుడు కూలి ఎంత, గింజ కొలత ఎంత, ఇవన్నీ పక్కన రాయాలి. భూమి లెక్క పట్వారీ రాసుకున్నాడు, అప్పు లెక్క షావుకారి రాసుకున్నాడు. తిండి లెక్క రాయవలసింది మనమే.